హజ్ యాత్రికుల ఆరోగ్య సంరక్షణ (సికింద్రాబాద్ – హైదరాబాద్)

మక్కా యాత్రకు వెళ్లే ముస్లింలకు బయలుదేరే ముందు, దారిలో, యాత్రాస్థలంలో, తిరిగొచ్చాక అందే వైద్య ఏర్పాట్లను హజ్ ఆరోగ్య సంరక్షణ అంటారు. జంటనగరాల యాత్రికులకు ఓడల కాలంలో కలరా, ప్లేగు ప్రాణాంతకాలు. ఇప్పుడు ఎండ, రద్దీ, ముదిమి, మధుమేహం వంటి దీర్ఘవ్యాధులు ఆ స్థానంలోకి వచ్చాయి. భయం మారినకొద్దీ వైద్యం కూడా రేవులో నిర్బంధించే పద్ధతి నుంచి ఇల్లు కదలకముందే సిద్ధం చేసే పద్ధతికి మారింది.

ఓడల కాలం

1874లో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం తెరుచుకున్నాక నిజాం రాజ్యపు యాత్రికులకు బొంబాయి రేవు దగ్గరైంది. అక్కడి నుంచి జిద్దాకు ఓడ ప్రయాణం. కిక్కిరిసిన ఓడల్లో నీరు కలుషితమైతే కలరా అందరికీ పాకేది. 1865లో మక్కాలో కలరా వేలమందిని బలిగొని, తిరిగి వెళ్లే యాత్రికులతో ఈజిప్టు మీదుగా ఐరోపాకు చేరింది. దాంతో 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు జరిగింది. భారతదేశం వైపు నుంచి వచ్చే ఓడల కోసం 1882లో ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైన్ కేంద్రం, అంటే రోగం సోకిందేమోనని యాత్రికులను విడిగా నిర్బంధించే చోటు, వెలిసింది.

1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. మరుసటి ఏడు భారత ప్రభుత్వం హజ్ ప్రయాణాలనే ఆపేసింది. ఇలాంటి నిర్బంధ వైద్యం హైదరాబాదులోనూ ఉండేది. నేటి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి 1915లో క్వారంటైన్ ఆసుపత్రిగా మొదలైంది. ఆ ఇంగ్లీషు మాటే జనం నోట ‘కోరంటి’ అయి, అది ‘కోరంటి దవాఖానా’గా నిలిచిపోయింది.

రుబాత్

నిజాం కాలంలో మక్కాలో హైదరాబాదు రాజ్య యాత్రికుల కోసం ఏర్పడిన ఉచిత వసతిగృహాలను రుబాత్ అంటారు. నేటికీ పాత నిజాం ఇలాకాల వారికి, అంటే తెలంగాణ, మరాఠ్వాడా, ఈశాన్య కర్ణాటక యాత్రికులకు, లాటరీ పద్ధతిలో అక్కడ చోటు దొరుకుతుంది. వయసు మళ్లినవారికి ఇది ఖర్చు తగ్గించే సదుపాయం మాత్రమే కాదు. సొంత ఊరి మాట వినిపించే ఆసరా కూడా.

టీకాలు

1957లో యాత్రికుల క్వారంటైన్ బాధ్యత పూర్తిగా సౌదీ అరేబియా చేతికి వచ్చింది. ఆ తరువాత మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, పెద్ద ముప్పయింది. 1987లో ‘ఎ’ రకం, 2000–01లో ‘డబ్ల్యూ135’ రకం యాత్రికుల ద్వారా పలు దేశాలకు పాకాయి. అందుకే ఈ రెండింటితో సహా నాలుగు రకాలను అడ్డుకునే టీకా తప్పనిసరైంది. నాంపల్లి హజ్ హౌస్ ఆధ్వర్యంలో జరిగే శిబిరాల్లో ఈ టీకాతోపాటు పోలియో చుక్కలు, వృద్ధులకు ఫ్లూ టీకా వేస్తారు. హజ్ దరఖాస్తుకు డాక్టరు ధ్రువీకరించిన ఫిట్‌నెస్ పత్రం జతచేయాలి.

టీకాలు వేయించుకున్నా దగ్గు, జలుబు చాలామందిని వదలవు. దీనికి ‘హజ్ దగ్గు’ అనే పేరే స్థిరపడింది. యాత్ర చివర తల గొరిగించుకునేటప్పుడు ఒకే బ్లేడు పలువురికి వాడితే హెపటైటిస్ బి, సి సోకవచ్చు. కోవిడ్ వల్ల 2020, 2021లలో విదేశాల నుంచి యాత్రికులెవరినీ రానివ్వలేదు.

ఎండ, రద్దీ

1990లో మక్కా దగ్గరి యాత్రాస్థలమైన మినాకు వెళ్లే సొరంగంలో తొక్కిసలాట జరిగి 1,426 మంది చనిపోయారు. 1997లో మినా గుడారాలకు నిప్పంటుకుని 343 మంది మరణించాక మంటలంటని గుడారాలు వచ్చాయి. 2015లో మినా తొక్కిసలాట మృతులు అధికారిక లెక్కలోనే 769. 2024లో మక్కాలోని ప్రధాన మసీదు వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ ఏడు 1,301 మంది యాత్రికులు మరణించారని, వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చినవారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అనుమతి లేనివారికి ఏసీ గుడారాలు, బస్సులు అందవు. ఎండలో మైళ్లకొద్దీ నడక తప్పదు.

ఇహ్రాం అనే యాత్రా దీక్షలో ఉన్న పురుషులు తలకు టోపీ, తలపాగా పెట్టకూడదు. గొడుగు పట్టుకోవచ్చు. వడదెబ్బ తగిలినవారిని సన్నని నీటితుంపర, గాలి కలిపి చల్లబరుస్తారు. మధుమేహులకు యాత్రలో గడపాల్సిన అరఫాత్, ముజ్దలిఫాల్లో భోజనవేళ తప్పడం, ఇన్సులిన్ వేడెక్కి చెడిపోవడం, స్పర్శ తెలియని పాదాలు కాలిపోవడం ప్రధాన సమస్యలు.

నేటి ఏర్పాట్లు

2008 దాకా బేగంపేట నుంచి బయలుదేరిన హజ్ విమానాలు ఆ తరువాత శంషాబాద్ నుంచి బయలుదేరుతున్నాయి. భారత ప్రభుత్వం ఏటా డాక్టర్లను, నర్సులను డెప్యుటేషన్‌పై పంపి మక్కా, మదీనాల్లో తాత్కాలిక ఆసుపత్రులు నడుపుతుంది. వృద్ధుల కోటాలో వెళ్లేవారికి తోడు ఒకరు ఉండాలి. రోజువారీ మందులు యాత్ర ముగిసేదాకా సరిపడా, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలో పెట్టుకోవాలి. హజ్ కాక ఏడాది పొడవునా సాగే ఉమ్రా అనే మక్కా యాత్రకు రోడ్డు ప్రమాదాల ముప్పూ ఉంది. 2025 నవంబరులో మదీనా సమీపంలో జరిగిన బస్సు ప్రమాదంలో హైదరాబాదు యాత్రికులు నలభై మందికి పైగా మరణించారు.

చాంద్రమానం వల్ల హజ్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026 నుంచి అది నడివేసవిని దాటి వసంతం వైపు, ఆపై చలికాలం వైపు సాగుతుంది. అప్పుడు వడదెబ్బలు తగ్గుతాయి. చలిలో ముదిరే దగ్గు, ఫ్లూ, న్యుమోనియాల బెడద పెరుగుతుంది.