పదమూడు గోల్స్, ఒక దేశము

గారోన్ నదీతీరమున వెలసిన ఈ తులూజు నగరమునకు విమాన కర్మాగారములను నమ్ముకొని వచ్చి స్థిరపడిన నావంటి తెలుగువారికి, 2023వ సంవత్సరము మార్చి నెల మొదటి దినములలో ఒక వింత కానవచ్చినది. రొట్టెల దుకాణము ముందు వరుసలో నిలిచిన వృద్ధులును, మెట్రోలో ఎదురెదురుగా కూర్చున్న అపరిచితులును ఒకరితో నొకరు ఒకే యంకెను పలుకుచు తలలూపుకొనుచుండిరి. ఆ యంకె పదమూడు. తమ యూర చిరకాలము నివసించి, ఎనుబది తొమ్మిదేండ్ల వయసున ఇచటనే కన్నుమూసిన జుస్ట్ ఫోంతేన్ అను ఫుట్‌బాల్ ఆటగాడు, 1958లో స్వీడనున జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో తానొక్కడే వేసిన గోల్స్ సంఖ్య యది.

మా పై యంతస్తున నివసించు పెద్దాయన యొకరు, ఆ వార్త వచ్చిన సాయంకాలము నన్ను లోనికి పిలిచి, గోడకు తగిలించిన నాటి ఫ్రెంచి జట్టు ఛాయాచిత్రమును చూపిరి. చిత్రము క్రింద ఎవరో నీలిసిరాతో వ్రాసిన పేర్లు సగము వెలిసి యుండెను. అద్దముమీద ఒక్కొక్క ముఖముకడ వ్రేలు నిలిపి ఆయన ఆ పేర్లను చదువుచుండగా, ఆటతో ఏ మాత్రము సంబంధము లేని సందేహ మొకటి నా మనసున మొలకెత్తినది. ఫోంతేన్ జన్మస్థలము మొరాకోలోని మరాకేష్ పట్టణము. ఆయనకు బంతి నందించిన కోపా పోలండునుండి వలసవచ్చిన గనికార్మికుల యింటి బిడ్డ. కుడిప్రక్కన పరుగెత్తిన విస్నియెస్కీయు నట్టివాడే. పియాంటోనీ పూర్వులు ఇటలీవారు. ఫ్రాన్సునకు ఇన్ని గోల్స్ వేసి పెట్టిన వీరు ఫ్రాన్సువా రెట్లైరి? ఈ ప్రశ్నను పట్టుకొని పోగా పోగా, రాజుల కథలును విప్లవముల కథలును నాకు చెప్పజాలని ఈ దేశపు ఇరువదవ శతాబ్ద చరిత్రను ఆ గోల్స్ పట్టికయే విప్పి చెప్పినది.

ముందుగా ఆటల సంగతి. పరాగ్వేమీద మూడు, యుగోస్లావియామీద రెండు, స్కాట్లండుమీద ఒకటి, ఉత్తర ఐర్లండుమీద రెండు, బ్రెజిలుమీద ఒకటి, మూడవ స్థానము కొరకు పశ్చిమ జర్మనీతో ఆడిన కడపటి ఆటలో నాలుగు: వెరసి ఆరు ఆటలలో పదమూడు. ఆ పోటీలో ఆయన తరువాత నిలిచిన పెలేయు, జర్మనీవాడగు హెల్ముట్ రానును చెరి ఆరు గోల్స్ వేసిరి. అనగా ఫోంతేన్ వేసినవానిలో సగమైనను కావు. అంతకు నాలుగేండ్ల ముందు హంగరీ వీరుడు కోచిష్ వేసినవి పదునొకండు. 1970లో గెర్డ్ ముల్లర్ పదివరకు వచ్చి ఆగెను. 2022 వరకు ఐదు ప్రపంచ కప్పులలో ఆడిన మెస్సీ అన్నింటను కలిపి కూడబెట్టినది పదమూడే యన్నచో, ఇరువది రోజుల వ్యవధిలో ఈ మనుష్యుడు చేసిన పని యెట్టిదో ఊహింపవచ్చును.

ఇంతటి ఘనకార్యమునకు పునాది ఎంత అల్పమైనదో చూడుడు. రేంస్ క్లబ్బున తనకు సహచరుడగు రెనే బ్లియార్ పోటీలకు ముందు గాయపడుటచేత గాని, జట్టు నడిమి స్థానము ఫోంతేనునకు నిశ్చయము కాలేదు. స్థానము దొరకినది గదా యనుకొనునంతలో సాధన సమయమున ఆయన బూట్లు చినిగిపోయెను. జతలకు జతలు తెచ్చి పాదములచెంత పెట్టు వర్తకులు ఆనాటి ఆటగాండ్రకు లేరు. అదృష్టవశమున స్తెఫాన్ బ్రూయే అను మరియొక ఆటగాని పాదములును ఈయన పాదములును ఒకే కొలతవి యగుటచే, ఆయన తన బూట్లను ఎరువిచ్చెను. ఆ పదమూడు గోల్స్‌ను వేసినవి ఆ యెరువు బూట్లే.

ఈ బూట్ల కథ వినినప్పుడెల్ల నా మనసు సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు పరుగెత్తును. అచటి బీదయింట పుట్టిన తులసీదాస్ బలరామ్, జట్టు ఎంపికకు పిలుపు వచ్చినప్పుడు కొత్త బూట్లు కొను తాహతు లేక, పోలీసులు పారవేసిన పాతబూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచేత ఒక జత కుట్టించుకొని మైదానమునకు పోయెను. ఆ బాలుని పట్టి తీర్చిదిద్దినవాడు హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునకు రహీమ్ సాహెబు కొనిపోయిన భారతజట్టులో మన హైదరాబాదువారు పెక్కుమంది యుండిరి. ఆ జట్టు నాలుగవ స్థానమున నిలిచినది. అచట ఆస్ట్రేలియామీద మూడు గోల్స్, సెమీఫైనలున యుగోస్లావియామీద ఒకటి వేసి, ఆ ఒలింపిక్సున అత్యధికముగా గోల్స్ వేసిన ముగ్గురిలో ఒకడైన నెవిల్ డిసౌజా బొంబాయివాడు. ఆ ముగ్గురిలో మరియొకడు యుగోస్లావియావాడగు వెసెలినోవిచ్. ఆ వెసెలినోవిచ్చే రెండేండ్ల తరువాత స్వీడనున ఫ్రాన్సుతో ఆడి, ఫోంతేన్ రెండు గోల్స్ వేసినను వానికి ప్రతిగా తానును రెండు వేసి, ఆట ముగియ వచ్చిన వేళ తన జట్టును గెలిపించెను. మన డిసౌజాతో సరిసమానముగ నిలిచినవాడు ఫోంతేనుతో తలపడి గెలిచినాడను ముచ్చట మా పై యంతస్తు పెద్దాయనకు చెప్పినప్పుడు, ఆయన కాగితము తెచ్చి రహీమ్ పేరును నాచేత వ్రాయించుకొనిరి.

ఇచట శీతకాలమున పెందలకడనే చీకటి క్రమ్ముకొనును. అట్టి సాయంకాలములందు సికింద్రాబాదు జింఖానా మైదానపు ఎఱ్ఱమట్టి, పెచ్చులూడిన గోడమీద కాళ్లు వ్రేలాడవేసికొని కూర్చున్న పిల్లలు, వేయించిన పల్లీల పొట్లము వెచ్చదనము మనసునకు వచ్చుచుండును. రహీమ్ 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణమును భారతజట్టునకు గెలిపించి, మరుసటి యేడే కన్నుమూసెను. ఆయన శిష్యుల చిత్రపటము ఎన్ని తెలుగిండ్ల గోడలకు వ్రేలాడుచున్నదో యని తలచుకొన్నప్పుడు నాకు కలుగు బాధ చెప్పనలవి కాదు.

తిరిగి ఫ్రాన్సునకు వత్తము. ఫోంతేన్ గోల్స్‌లో పెక్కింటికి మూలము రేమాన్ కోపా పాదములు. బంతిని తన కాలికి కట్టుకొన్నట్లు నడిపించుకొని పోయి, ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థులు తన్ను చుట్టుముట్టగా, వారి నడుమ నున్న సందుననుండి దానిని ఫోంతేన్ ముందునకు జారవిడుచుట ఆయన విద్య. ఆయన అసలు ఇంటిపేరు కోపాషెవ్‌స్కీ. మొదటి ప్రపంచయుద్ధమున ఉత్తర ఫ్రాన్సులోని బొగ్గుగనులు ధ్వంసమై, పనిచేయవలసిన యువకులు లక్షల సంఖ్యలో నేలకొరుగగా, ఫ్రెంచి ప్రభుత్వము 1919లో పోలండుతో ఒడంబడిక చేసికొని కార్మికులను రప్పించినది. వారు గనుల చుట్టును తమ గుడులు, తమ సంఘములు, తమ సంగీతమేళములు నెలకొల్పుకొని బ్రదికిరి. 1930 తరువాతి ఆర్థికమాంద్యమున పని తఱుగగానే, అదే ప్రభుత్వము వారిలో వేలమందిని రైళ్లకెక్కించి వెనుకకు పంపినది. మిగిలిన కుటుంబములలో నొకదాని బిడ్డయైన కోపా పదునాలుగవ యేటనే గనిలోనికి దిగి, అచటి ప్రమాదమున ఎడమచేతి చూపుడువ్రేలిలో కొంత పోగొట్టుకొనెను. ఆ చేతితోనే 1958లో ఐరోపా ఉత్తమ ఆటగానికిచ్చు బంగారు బంతిని అందుకొనెను. ఆ రైళ్లలో కోపా తలిదండ్రులును ఉండి యున్నచో ఆ బంతులను ఫోంతేనునకు అందించువా డెవడు? ఈ దేశమును ప్రేమించు నాబోటి వలసవాడు ఈ ప్రశ్నను తప్పించుకొని పోజాలడు.

ఫోంతేన్ పుట్టిన మొరాకో 1912 మొదలు ఫ్రెంచి రక్షణరాజ్యము. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి స్పెయినుదేశపు వనిత. ఆట నేర్చినది కాసాబ్లాంకాలో. 1953లో ఆయన సముద్రము దాటి నీస్ పట్టణపు క్లబ్బునకు వచ్చెను. ఆ మరుసటి యేడే మన యానామునుండి ఫ్రెంచి పతాకము దిగిపోయినది. 1956లో మొరాకోయు స్వతంత్రమైనది. సామ్రాజ్యమొక ప్రక్క ఉడుగుచుండగా, మరియొక ప్రక్క దాని యంచులనుండి వచ్చిన యువకులు ఫ్రాన్సునకు కీర్తి తెచ్చుచుండిరి. అట్టివారిలో అందరికిని ఒకే మర్యాద జరిగినదని నేననజాలను. అదే కాసాబ్లాంకాలో పుట్టిన లార్బీ బెన్ బారెక్, 1938 మొదలు 1954 వరకు ఫ్రాన్సు పక్షమున ఆడి నల్లముత్యమని పేరుగన్న మహనీయుడు, వార్ధక్యమున ఏకాకియై 1992లో మరణింపగా కొన్ని దినములవరకు ఎవరును ఎరుగరైరి. ఆయన పేరు చెప్పినప్పుడు మా పెద్దాయన కొంతసేపు మాటాడలేదు.

ఇక ఆ పట్టికలో లేనివారి మాట. 1958 ఏప్రిల్ నెలలో, ప్రపంచ కప్పునకు రెండు మాసములైన లేని సమయమున, ఫ్రెంచి క్లబ్బులలో ఆడుచున్న అల్జీరియా యువకులు కొందరు రహస్యముగా సరిహద్దులు దాటి ట్యూనిస్ చేరుకొని, స్వాతంత్ర్యపోరాటము సాగించుచున్న విమోచన సంఘము పేర జట్టు కట్టిరి. వారిలో మొనాకో క్లబ్బువాడగు ముస్తఫా జిటూనీ, సెంటెటియెన్ క్లబ్బువాడగు రషీద్ మెఖ్లూఫీ స్వీడనునకు పోవలసిన ఫ్రెంచి జట్టు ఎంపికలో నున్నవారే. మెఖ్లూఫీ సేతీఫ్ పట్టణపు బిడ్డ. 1945 మేలో ఫ్రెంచి పాలకులు అచట జరిపిన ఘోరవధ నాటికి ఎనిమిదేండ్ల బాలుడు. పేరును, జీతమును, ప్రపంచ కప్పును విడిచి, అంతర్జాతీయ సమాఖ్య గుర్తింపైనను నోచుకొనని జట్టులో చేరుటకు ఇరువదియొక్క యేండ్ల వానికి ఎంత నిబ్బరము కావలెను! మే 13న అల్జీర్సులో ఫ్రెంచి వలసవారి, సేనల తిరుగుబాటు చెలరేగినది. జూన్ 1న దెగోల్ ప్రభుత్వాధినేత యయ్యెను. జూన్ 8న ఫోంతేన్ పరాగ్వేమీద మూడు గోల్స్ వేసెను. ఒక గణతంత్రము కూలి మరియొకటి లేచుచున్న నెలలో ఈ పదమూడు గోల్స్ పడినవని ఎరిగిన పిదప, నేను వానిని వట్టి ఆటగా చూడలేకున్నాను. నాటి ప్రభుత్వము ఆ యువకులను ద్రోహులనుగా చూచెను గాని, స్వీడనునుండి ఫ్రెంచి ఆటగాండ్రు జిటూనీకి ఒక పోస్టుకార్డు వ్రాసి పంపిరి. ఈ దేశపు చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన లేఖ అది.

సెమీఫైనలున బ్రెజిలుతో జరిగిన ఆటలో, ఆ పోటీలలో అంతవరకు ఒక్క గోలైనను ఇచ్చుకొనని ఆ జట్టుమీద తొమ్మిదవ నిమిషమున తొలి గోలు వేసినవాడు ఫోంతేనే. స్కోరు ఒకటికొకటిగా నున్నప్పుడు ఫ్రెంచి రక్షణకు మూలస్తంభమైన జోంకే కాలు విరిగినది. బదులు ఆటగానిని దింపు నియమము నాడు లేదు. ఆయన కుంటుచు ఒక అంచున నిలిచియుండగా పదిమందితో ఆడినట్లే యయ్యెను. పదునేడేండ్ల పెలే వరుసగా మూడు గోల్స్ వేసెను. ఫ్రాన్సు ఐదు రెండు తేడాతో ఓడినది. రక్షణపంక్తియందు ఆడు జిటూనీ ఆ దినమున ఉండియున్నచో నేమయ్యెడిదని ఇచటి వృద్ధులు నేటికిని వాదించుకొందురు.

ఫోంతేన్ ఆట ఎక్కువకాలము సాగలేదు. ఒకే కాలు రెండుమారులు విరుగుటచే, ఇరువది యెనిమిదేండ్ల వయసున, 1962లో ఆట మానవలసి వచ్చెను. దేశము పక్షమున ఆడినవి ఇరువదియొక్క ఆటలు. వేసినవి ముప్పది గోల్స్. కాని నా దృష్టిలో ఆయనకు శాశ్వతగౌరవము కల్పించు కార్యము 1961లో చేసినది. నాటి ఆటగాడు ముప్పదియైదేండ్లు వచ్చువరకు క్లబ్బు చేతిలోని వస్తువు. అమ్మినప్పుడు పోవలెను, ఉంచినప్పుడు ఉండవలెను. ఈ దుస్థితిని తొలగింప, కామెరూనువాడగు యూజేన్ న్జో లేయాతో చేతులు కలిపి ఫోంతేన్ ఆటగాండ్ర సంఘమును స్థాపించి దానికి తొలి అధ్యక్షు డయ్యెను. 1963లో కోపా, ఆటగాండ్రు బానిసలని పత్రికాముఖమున పలికి శిక్షకు పాత్రుడయ్యెను. 1969లో గాని కాలపరిమితిగల ఒప్పందము వారికి లభింపలేదు.

అల్జీరియా స్వతంత్రమైన 1962వ సంవత్సరముననే మెఖ్లూఫీ సెంటెటియెన్ క్లబ్బునకు తిరిగి వచ్చెను. ఏమగునో యని భయపడిన మైదానమే ఆయనను అక్కున చేర్చుకొన్నది. 1968 మే 12న, అల్జీర్సు తిరుగుబాటునకు పదేండ్లు నిండుటకు ఒక్క దినము తక్కువగా, ఫ్రెంచి కప్పు ఫైనలున బోర్దో జట్టుమీద సెంటెటియెన్ రెండు ఒకటి తేడాతో గెలిచినది. ఆ రెండు గోల్స్‌ను వేసినవాడు మెఖ్లూఫీ. ఆ దినమున గౌరవస్థానమున కూర్చుండి యాట తిలకించినవాడు అధ్యక్షుడు దెగోల్.