తాత పేరు ఏ కాగితంలో దాగి ఉంది?

మీ నాన్నగారి పేరు మీకు తెలుసు. తాతగారి పేరూ తెలుసు. ఆయన తండ్రి పేరు? ఆయన తల్లి పేరు? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒకసారి లెక్కవేసి చూడండి. తల్లిదండ్రులు ఇద్దరు. వారి తల్లిదండ్రులు నలుగురు. ఆ పై తరంలో ఎనిమిదిమంది, ఇంకో మెట్టు ఎక్కితే పదహారుమంది. అంటే నాలుగు తరాలకే ముప్ఫైమంది పూర్వీకులు! మేనరికాలుంటే ఈ సంఖ్య కొంత తగ్గుతుంది. మేనమామ కూతురిని పెళ్లాడిన వ్యక్తి బిడ్డకు మూడో మెట్టులో ఉండేది ఎనిమిదిమంది కాదు, ఆరుగురే. ఎందుకో కాగితం మీద గీసి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇంతకీ ఈ పేర్లన్నీ ఎందుకు అంటారా? భిలాయి ఉక్కు పట్టణంలో చదువుకుంటున్న ఒక తెలుగు అమ్మాయిని ఊహించుకోండి. భిలాయి కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆ రోజుల్లో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారిలో ఈ అమ్మాయి ముత్తాత ఒకరు అనుకుందాం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1931 నాటికే పూర్తయింది. రాయపూర్ దాటితే భిలాయి ఎంతో దూరం లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయికి కుల ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చింది. షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రాలవారీగా 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డు తెగల జాబితా అదే ఏడు సెప్టెంబరు 6న వెలువడ్డాయి. ఆనాటికి మీ కుటుంబం ఏ రాష్ట్రంలో స్థిరపడి ఉంది? ఆధారం ఏది? ఆ ఇంట్లో పాత కాగితమంటూ ఒక్కటీ లేదు. ముత్తాత ఎప్పుడో పోయారు. ఇప్పుడెలా?

కాలిపోయిన లెక్కలు, మిగిలిన అర్జీలు

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. దీనికి ప్రపంచంలో పేరుమోసిన ఉదాహరణ ఐర్లండు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధపు తొలిరోజుల్లో, డబ్లిన్ నగరంలోని ప్రభుత్వ పత్రాల భాండాగారం పేలి, మంటల్లో చిక్కుకుంది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనాభా లెక్కల పత్రాలు దాదాపుగా బూడిదయ్యాయి. ఆ తర్వాతి నాలుగింటిని అంతకు ముందే ప్రభుత్వమే నాశనం చేసింది. వాటిలో రెండు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితపు గుజ్జుగా మారాయి!

అయినా ఐరిష్‌వాళ్లు తమ పూర్వీకులను వెతుక్కోగలుగుతున్నారు. ఎలాగో చూడండి. 1909 జనవరి నుంచి అక్కడ డెబ్భై ఏళ్లు నిండినవారికి పింఛను ఇవ్వసాగారు. వయసు రుజువు చేయాలి. కాని అందరి జననాలనూ నమోదు చేయడం అక్కడ మొదలైందే 1864లో. డెబ్భై ఏళ్ల ముసలమ్మకు జనన పత్రం ఎక్కడినుంచి వస్తుంది? అందుకని ఆమె అర్జీ పెట్టుకుంటే, గుమాస్తాలు 1841, 1851 జనాభా లెక్కలు తిరగేసి, ఆమె ఇంటివారి వివరాలు ఒక కాగితం మీద ఎక్కించేవారు. అసలు లెక్కలు కాలిపోయాయి. ఆ వెతుకులాట కాగితాలు మిగిలాయి. ఈనాటి మనవలు తమ పూర్వీకులను వాటిలో చూసుకుంటున్నారు.

దీన్నిబట్టి మనం నేర్చుకోవలసింది ఒక్కటే. ‘నా వంశవృక్షం ఎక్కడుంది?’ అని అడిగితే జవాబు దొరకదు. ‘ఈ మనిషి పేరు రాసుకోవలసిన అవసరం ఎప్పుడు, ఎవరికి కలిగింది?’ అని అడగాలి. ఏ కాగితమూ మన కోసం పుట్టలేదు. పన్ను కోసం, జీతం కోసం, పింఛను కోసం పుట్టింది.

మన దగ్గర ఏమున్నాయి?

జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోకండి. మన దేశమంతటా ఒకేసారి జనాభా లెక్కలు తీయడం 1881 నుంచి జరుగుతున్నా, ఇంటింటి వివరాలు మనకు చూపించరు. 1948 నాటి జనాభా లెక్కల చట్టం వాటిని చూడనివ్వదు, సాక్ష్యంగానూ ఒప్పుకోదు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు గ్రామాధికారులు రాసిన రిజిస్టర్లలో చాలాచోట్ల తండ్రి పేరు, ‘మగ శిశువు’ లేక ‘ఆడ శిశువు’ అన్న మాట తప్ప బిడ్డ పేరే కనపడదు.

కాబట్టి మన అమ్మాయి తెలిసినదాని నుంచి తెలియనిదాని వైపు నడవాలి. ముత్తాత పర్మనెంటు ఉద్యోగి అయితే సర్వీసు పుస్తకం, ప్రావిడెంట్ ఫండ్ నామినేషన్ కాగితం ఉంటాయి. వాటిలో తండ్రి పేరో, సొంత ఊరో, భార్యాబిడ్డల పేర్లో దొరకవచ్చు. ఆయన పిల్లల బడి అడ్మిషన్ రిజిస్టరు ఇంకొకటి. వీటిలో ఊరి పేరు దొరికితే సగం పని అయినట్టే.

మిగిలిన సగంలో ఒక తమాషా ఉంది. ఆ ఊరు టెక్కలి దగ్గరిది అనుకుందాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. అంటే ఆ జాబితా వెలువడిన ఆగస్టు 10న ఆ ఊరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉందన్నమాట! 1953 అక్టోబరు 1న అది ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఊరు కదల్లేదు, దాని చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. ఏ సంవత్సరపు కాగితమైతే ఆ సంవత్సరపు జిల్లా పేరు కిందే వెతకాలి. అక్షరాలతోనూ జాగ్రత్త అవసరం. తెల్లదొరల రాతలో శ్రీకాకుళం ‘చికాకోల్’, భీమునిపట్నం ‘బిమ్లిపటం’.

ఇక భూమి. ఆ ప్రాంతంలో చాలా ఊళ్లు జమీందారీ ఎస్టేట్లు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ప్రభుత్వం ఆ భూములను సర్వే చేసి, ఏ నంబరు ఎవరిదో తేల్చింది. అలా తయారైనదే సెటిల్‌మెంట్ ఫేర్ అడంగల్. ముత్తాతకో ఆయన తండ్రికో సెంటు భూమి ఉన్నా పేరు అందులో ఉండే వీలుంది.

సెంటు భూమి కూడా లేకపోతే? ఆలోచించవలసింది ఇక్కడే. కాగితం అందరినీ ఒకేలా చూడదు. భూమి ఉన్నవాడిని రాసుకుంది, కూలివాడిని వదిలేసింది. మగవాడిని రాసుకుంది, అతని తల్లిని వదిలేసింది. పర్మనెంటు ఉద్యోగిని రాసుకుంది, కాంట్రాక్టరు కింద పునాదులు తవ్విన మనిషిని చాలాసార్లు మరచిపోయింది.

దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా ఉంది. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఓడల్లో వెళ్లారు. మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచే బయలుదేరింది. వారిలో తెలుగువారు ఎందరో. వారి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చల దాకా ఓడల జాబితాల్లో నమోదయ్యాయి. మనిషి పారిపోతే పట్టుకోవాలి కదా! తమ ఇష్టప్రకారం రైలెక్కి భిలాయి వచ్చినవారి గురించి అలాంటి జాబితా లేదు. స్వేచ్ఛగా వెళ్లినవాడి కన్నా బందీగా వెళ్లినవాడి వంశం తెలుసుకోవడం తేలికైంది. చరిత్ర అంటే ఇలాగే ఉంటుంది.

జ్ఞాపకం కూడా గడియారమే

కాగితం వదిలేసిన చోట మనిషిని అడగాలి. పెద్దవాళ్లు సంవత్సరాలు చెప్పలేకపోవచ్చు, సంఘటనలు చెప్పగలరు. ‘విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు నేను పాకుతున్నానట’ అని ముత్తవ్వ అన్నదనుకోండి. జపాన్ విమానాలు అక్కడ బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. పాకే బిడ్డకు ఏడెనిమిది నెలలుంటాయి. కాబట్టి ఆమె పుట్టింది 1941 మధ్యలో. ఇంకొకరు ‘అది చిత్రభాను నామ సంవత్సరం’ అంటే, అరవై ఏళ్ల చక్రంలో అది 1942-43. అదే పేరు 1882లోనూ వచ్చింది గాని, అది ఈమెకు వర్తించదు కదా. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సాక్ష్యాలు ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది. ప్రయోగశాలలో మనం కొలతను మళ్లీ మళ్లీ తీసుకునేది ఇందుకే.

వరసలతో జాగ్రత్త. ‘తాత’ అంటే తాత తమ్ముడూ కావచ్చు. ‘పెదనాన్న’ అంటే నాన్నకు స్వయానా అన్నా, పెత్తండ్రి కొడుకా? ఉత్తరాంధ్రలో ‘అప్ప’ అంటే అక్క. విన్న మాటను విన్నట్టే రాసుకుని, ‘ఒకే తల్లి బిడ్డలేనా?’ అని అడగండి. మనవడికి తాత పేరు పెట్టే ఆచారం కూడా ఆధారమే. అయితే ఒకే పేరున్న ఇద్దరిని కలిపి ఒక్కరిని చేసే ప్రమాదమూ అందులోనే ఉంది.

మరి డి.ఎన్.ఎ. పరీక్ష? వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి నుంచి బిడ్డలకు వస్తుంది. నాలుగో మెట్టులోని పదహారుమందిలో మొదటిది ఒకరి జాడను, రెండోది మరొకరి జాడను చెబుతాయి. తక్కిన పద్నాలుగుమంది గురించి ఆ రెండూ ఏమీ చెప్పవు. మిగతా డి.ఎన్.ఎ.ను పోల్చి ఇద్దరు బంధువులవునో కాదో అంచనా వేయవచ్చు. కాని ఏ పరీక్షా ముత్తవ్వ పేరు చెప్పదు.

ఆ పేరు ఒక మనిషికి తెలిసి ఉంటుంది. 1959లో ఇరవై ఏళ్ల వయసున్నవారు ఎనభై అయిదు దాటారు. డబ్లిన్‌లో భాండాగారం ఒక్కరోజులో కాలిపోయింది. మన ఇళ్లలో అది మెల్లగా, ఏ చప్పుడూ లేకుండా, ఒక్కొక్క మనిషితో పోతూ ఉంటుంది. అందుకే ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకుని మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారి పక్కన కూర్చోండి. మొదట వాళ్ల అమ్మ పేరు అడగండి. తేదీ వేసి, ఎవరు చెప్పారో రాసుకోండి. తరువాతి తరానికి అదే కాగితం.