కొవ్వొత్తి నుంచి బ్యాండ్ సీలర్ దాకా: సీలింగ్ మెషీన్ బాగోగుల చరిత్ర

ప్యాకింగ్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ప్లాస్టిక్ గురించి రాస్తారు. ఆ ప్లాస్టిక్ మూతిని వేడితో అతికించే యంత్రాన్ని, దాన్ని రోజూ నడిచేలా చూసుకునే మనిషిని పెద్దగా పట్టించుకోరు. మెకానిక్ వైపు నుంచి చూస్తే ఈ యంత్రంలో వచ్చిన మార్పులన్నీ ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. రెండు పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోవాలి, వేడెక్కిన లోహానికి మాత్రం అంటుకోకూడదు.

స్విట్జర్లాండ్‌కు చెందిన జాక్ బ్రాండెన్‌బర్గర్ 1908లో రూపొందించిన సెల్లోఫేన్‌కు ఈ చిక్కు లేదు. అది వేడికి కరగదు, దాన్ని జిగురుతో అతికించేవారు. 1927లో డ్యూపాంట్‌లో విలియం హేల్ చార్చ్ తేమను ఆపే పూత కనిపెట్టాక కథ మారింది. వేడి తగిలితే ఆ పూత మెత్తబడి అతుక్కునేది. వేడి పలకలకు పని దొరికింది, వాటికి అంటిన పూతను తుడిచే పని కూడా అప్పుడే మొదలైంది.

అసలు తలనొప్పి పాలిథీన్‌తో వచ్చింది. 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ వేరే ప్రయోగం చేస్తుండగా అనుకోకుండా బయటపడిన పదార్థం ఇది. సంచులకు వాడే రకం దాదాపు 110 డిగ్రీలకే కరిగి, బంకలా సాగి, వేడి ఇనుముకు పట్టేస్తుంది. దీనికి విరుగుడు కూడా అనుకోకుండానే దొరికింది. 1938లో రాయ్ ప్లంకెట్ చేతికి వచ్చిన టెఫ్లాన్‌కు దాదాపు ఏదీ అంటుకోదు, 260 డిగ్రీల దాకా అది వేడికి తట్టుకుంటుంది. గాజు నూలు బట్టకు దాన్ని పూస్తే మనవాళ్లు ‘టెఫ్లాన్ క్లాత్’ అనే గోధుమరంగు బట్ట తయారవుతుంది. ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ పొందిన నైక్రోమ్ అప్పటికే ఉంది. నైక్రోమ్ పట్టీ, దానిపై టెఫ్లాన్, ఎదురుగా సిలికాన్ రబ్బరు: ఇంపల్స్ సీలర్ అంటే ఇంతే. నొక్కినప్పుడు ఒకటి రెండు సెకన్లు మాత్రమే కరెంటు పారుతుంది. పట్టు వదలకుండా ఉంచితే అతుకు ఆ ఒత్తిడిలోనే చల్లారి గట్టిపడుతుంది.

మన కిరాణా కొట్లలో, ఇంటి పరిశ్రమల్లో ఈ యంత్రం కన్నా ముందు కొవ్వొత్తి ఉండేది. కవరు మూతిని హాక్సా బ్లేడుకు మడిచి, పైకి కనిపించే సన్నటి అంచును మంట పక్కగా ఒక్కసారి లాగేవారు. చెయ్యి ఒక్క క్షణం ఆగితే చిల్లు పడేది. వేడి, సమయం, ఒత్తిడి మూడూ ఆ చేతిలోనే ఉండేవి. హ్యాండ్ సీలర్, అంటే చేత్తో నొక్కే ఇంపల్స్ సీలర్, వచ్చాక ఆ నేర్పు టైమర్ నాబ్‌లోకి వెళ్లింది. అక్కడి నుంచే ఒక చెడ్డ అలవాటు కూడా పుట్టింది: సీల్ పట్టకపోతే వెంటనే నాబ్ పెంచడం.

చాలాసార్లు తప్పు వేడిది కాదు. రబ్బరు పట్టీ రోజూ ఒకే గీత మీద నొక్కుడుపడి అక్కడ గుంట పడుతుంది, ఒత్తిడి అందదు. నాబ్ పెంచితే టెఫ్లాన్ నల్లబడుతుంది, ఆపై ఎలిమెంట్, అంటే ఆ నైక్రోమ్ పట్టీ, తెగుతుంది. తెగిన ఎలిమెంటును మార్చేటప్పుడు చూడాల్సింది దాని చివర్లలోని స్ప్రింగులు. నైక్రోమ్ వేడికి సాగుతుంది, ఆ సాగుదలను స్ప్రింగు లాగి పట్టాలి. దుమ్ము, తుప్పుతో అది బిగుసుకుపోతే పట్టీ ఉబ్బి కింద ఉన్న లోహానికి తగులుతుంది. అందుకే కింది ఇన్సులేషన్ పొరను కూడా మార్చాలి. పైబట్ట ఒక్కటే మార్చి పంపే రిపేరు ఎన్నాళ్లో నిలవదు. అంటుకున్న ప్లాస్టిక్‌ను బ్లేడుతో గీకడం అన్నిటికన్నా పెద్ద నష్టం. గోరువెచ్చగా ఉండగా మెత్తటి గుడ్డతోనో చెక్కపుల్లతోనో తీస్తే చాలు.

ఉత్పత్తి పెరిగిన చోట బ్యాండ్ సీలర్ వచ్చింది. రెండు టెఫ్లాన్ బెల్టులు కవరు మూతిని పట్టుకుని వేడి దిమ్మెల మధ్య నుంచి, తర్వాత చల్లబరిచే దిమ్మెల మధ్య నుంచి లాక్కెళ్తాయి. దీనితో మెకానిక్ పని కూడా మారింది. చక్రాలు సమంగా లేకపోతే బెల్టు పక్కకు జరిగి అంచు చీరుకుపోతుంది. పని ముగిశాక హీటరు ఆపి, ఉష్ణోగ్రత 100 డిగ్రీల కిందికి దిగేదాకా బెల్టును తిరగనివ్వాలి. నిలిచిన బెల్టు వేడి దిమ్మెల మధ్య మాడిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ప్రాంతంలో కోతలు, పవర్ హాలిడేలు సాగిన రోజుల్లో ఈ యంత్రానికి కరెంటు హఠాత్తుగా పోవడం కన్నా పెద్ద శత్రువు లేదు. దిమ్మెలను చేత్తో విడదీసి బెల్టును కాపాడుకోవడం ఆపరేటరుకు తెలిసి ఉండాల్సిన పని.

మన దగ్గర తయారయ్యే సరుకే యంత్రానికి ప్రత్యేకమైన జబ్బులు తెస్తుంది. కారప్పొడి నింపేటప్పుడు సన్నటి ధూళి లేచి కవరు మూతి లోపలి వైపు పడుతుంది. పైకి అతుకు చక్కగానే కనిపిస్తుంది, ఆ ధూళి రేణువు పక్కనే గాలి దూరే దారి మిగిలిపోతుంది. ఆవకాయ నూనె మరీ మొండిది, ఒక చుక్క చాలు. విదేశాల్లోని పిల్లలకు పంపే పచ్చడి ప్యాకెట్టు దారిలో కారితే పెట్టె మొత్తం పాడవుతుంది. ఇక్కడ మెకానిక్ తన చూపును యంత్రం నుంచి గరాటు మీదికి, నింపే తీరు మీదికి మళ్లించాలి. నింపేవాళ్లతో మాట్లాడకుండా సీలరును ఎంత బాగుచేసినా ఫిర్యాదు మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మరో మార్పు నడుస్తోంది. ఇన్నాళ్లూ చాలా పౌచ్‌లకు బయట పాలియెస్టర్, లోపల పాలిథీన్ ఉండేవి. బయటి పొర దాదాపు 250 డిగ్రీలకు గాని కరగదు కాబట్టి వేడి కాస్త ఎక్కువైనా సర్దుకుపోయేది. ఇలాంటి కలగలుపు పొరలను రీసైకిల్ చేయడం కష్టం. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2022లో ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాలు చేరాక, ఒకే రకం ప్లాస్టిక్‌తో పౌచ్‌లు చేసే ప్రయత్నం ఊపందుకుంది. వీటిలో బయటి పొర కూడా దాదాపు లోపలి పొరంత వేడికే కరుగుతుంది. కొన్ని డిగ్రీల తేడాతో అతుకు పట్టకపోనూవచ్చు, కవరు బెల్టుకు అంటుకుపోనూవచ్చు. కంట్రోలర్ తెర మీది అంకెను నమ్మి ఊరుకుంటే ఇక కుదరదు. వేడిని కొలిచే విడి థర్మోకపుల్ ఒకటి పెట్టెలో ఉంచుకుని, దిమ్మె ఈ చివరా ఆ చివరా ఆనించి చూసి, తేడాను పుస్తకంలో రాసుకునే మెకానిక్‌నే ఈ పౌచ్‌లకు పిలవాలి.