తకమియమ దైగొరో

సుమో అగ్రశ్రేణి టోర్నమెంటు గెలిచిన తొలి విదేశీయుడు తకమియమ దైగొరో. జపాన్‌లో సొంత తాలింఖానా పెట్టిన, విదేశంలో పుట్టిన తొలి వస్తాదు కూడా అతనే. 1944 జూన్ 16న హవాయిలోని మావీ దీవిలో పుట్టాడు. అసలు పేరు జెస్సీ కుహౌలువా.

1964లో తకసగో తాలింఖానా గురువు, మాజీ యోకోజునా (సుమోలో అత్యున్నత హోదా) మయెదయమ హవాయి వచ్చి అతన్ని వెంట తీసుకెళ్లాడు. అప్పటికి వయసు 19. భాష రాదు, చలికి ఒళ్లు అలవాటు పడలేదు. సుమోలో కొత్తవాడు రెండు కాళ్లూ పక్కలకు బారజాపి, రొమ్ము నేలకు ఆనేదాకా వంగాలి. వంగకపోతే వెనక నుంచి తొక్కిపట్టి వంచుతారు. ఆ నొప్పికి కారినవి కన్నీళ్లు కావని, కళ్లకు చెమట పట్టిందని అతను అన్నట్టు జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సాధనలో గొంతుకు దెబ్బ తగిలి స్వరం బొంగురుపోయింది. తర్వాత టీవీ ప్రకటనల్లో ఆ బొంగురు గొంతే అతనికి గుర్తింపు తెచ్చింది.

1968లో అగ్రశ్రేణికి ఎక్కాడు. 1972 జూలైలో నగోయాలో 15 పోటీల్లో 13 గెలిచి కప్పు అందుకున్నాడు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పంపిన అభినందన లేఖను రాయబారి బరి మీదే ఇంగ్లీషులో చదివాడు. సుమో సంప్రదాయంలో అది వింతే. హోదాలో మాత్రం అతను సెకివాకే దాటలేదు; అంటే పైనుంచి మూడో మెట్టు. అతని బలం నిలకడలో ఉంది: అగ్రశ్రేణిలో 97 టోర్నమెంట్లు, విరామం లేకుండా వరసగా 1,231 పోటీలు. కింది వరసలో ఉంటూ యోకోజునాలను 12 సార్లు ఓడించాడు.

జపాన్ పౌరులే గురువులు కావాలని సుమో సంఘం 1976లో నిబంధన పెట్టింది. తకమియమ 1980లో ఆ పౌరసత్వం తీసుకుని వతనబె దైగొరో అయ్యాడు. నలభై నిండబోతుండగా 1984లో బరి నుంచి తప్పుకుని, 1986లో అజుమజెకి తాలింఖానా తెరిచాడు. మల్లుడిగా అందని ఎత్తును గురువుగా అందుకున్నది అక్కడే. 1988లో హవాయి నుంచి వచ్చి అతని దగ్గర చేరిన అకెబోనొ 1993లో యోకోజునా అయ్యాడు. ఆ పదవి ఒక విదేశీయుడికి దక్కడం అదే మొదటిసారి. అంతకుముందు 1982లో తకసగో తాలింఖానాలో కొనిషికి అనే వస్తాదును చేర్చిందీ తకమియమే. కొనిషికి తొలి విదేశీ ఓజెకి (యోకోజునా కింది హోదా) అయ్యాడు.

2009లో 65 ఏళ్లు నిండడంతో నియమం ప్రకారం విరమించి, తాలింఖానాను శిష్యుడు ఉషియొమరుకు అప్పగించాడు. అజుమజెకి 2021లో మూతపడింది.