జూన్ ఒకటిన పుట్టిన పిల్లలు

మన సంఘం ఈ-సంచికకి ఆటల గురించి ఒక వ్యాసం కావాలని పెద్దలు అడిగారు. విలువిద్య గురించో కబడ్డీ గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను పుట్టిన తేదీల గురించి రాస్తున్నాను. ప్రపంచ స్థాయిలో కుర్రవాళ్ళకీ, ఆడపిల్లలకీ జరిగే అథ్లెటిక్స్ పోటీల చరిత్ర చదువుతూ పోతే నన్ను చివరికి అక్కడికే తెచ్చి కూర్చోబెట్టింది.

ముందు నా సంగతి. బడి రికార్డు ప్రకారం నేను 1981 జూన్ 1న పుట్టాను. మా చెల్లి 1983 జూన్ 1న పుట్టింది. మా పెద్దనాన్న కొడుకు కూడా జూన్ ఒకటే. ఏజెన్సీలో నా వయసు వాళ్ళని నలుగురిని కూర్చోబెట్టి అడగండి, ఒక్కరైనా జూన్ ఒకటో, జులై ఒకటో చెప్పకపోరు. అమ్మ లెక్క వేరు. "పెద్ద వరద నాటికి నీకు ముందుపళ్ళు ఊడాయి" అంటుంది. పెద్ద వరద అంటే 1986 ఆగస్టు 16, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచిన రోజు. పళ్ళు ఊడేది ఆరేడేళ్ళకి. అంటే బడి రాసినదాని కంటే నేను ఏడాది, ఏడాదిన్నర పెద్ద. దీనివల్ల నాకు వచ్చిన నష్టమేమీ లేదు, రిటైర్మెంట్ కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఆ వరదకి సరిగ్గా నెల ముందు, 1986 జులైలో, గ్రీసు దేశం ఏథెన్స్‌లో మొట్టమొదటి ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అందులో పరిగెత్తాలంటే ఒక్కటే అర్హత ముందు చూస్తారు. పోటీ జరిగే ఏడాది డిసెంబర్ 31 నాటికి ఇరవై ఏళ్ళు నిండకూడదు. తరువాత 1999లో పోలండ్‌లోని బిడ్‌గోష్ఛ్ పట్టణంలో ఇంకా చిన్నవాళ్ళకి, పద్దెనిమిది లోపు వాళ్ళకి ప్రపంచ యూత్ పోటీలు మొదలయ్యాయి. 2010లో సింగపూర్‌లో యూత్ ఒలింపిక్స్ వచ్చాయి. అక్కడ అథ్లెటిక్స్‌లో 1993, 1994 సంవత్సరాల్లో పుట్టిన వాళ్ళకే చోటు. ఆ అథ్లెటిక్స్ పోటీల్లో మన దేశానికి రెండు రజతాలు వచ్చాయి. 400 మీటర్ల హర్డిల్స్‌లో దుర్గేష్ కుమార్‌కి ఒకటి, డిస్కస్‌లో అర్జున్‌కి ఒకటి.

వయసు గీత ఎందుకు గీశారో టీచర్‌గా నాకు బాగానే అర్థమవుతుంది. పదహారేళ్ళ పిల్లని పాతికేళ్ళ మనిషి పక్కన నిలబెట్టి పరిగెత్తమంటే అది పోటీ కాదు. ఒక్క పరుగులోనే కాదు, వస్తువుల్లో కూడా ఆ తేడా పాటించారు. పెద్ద మగవాళ్ళు విసిరే జావెలిన్ 800 గ్రాములుంటే అండర్-18 అబ్బాయిలది 700 గ్రాములు. ఆడవాళ్ళు వేసే గుండు 4 కిలోలు, అండర్-18 అమ్మాయిలది 3 కిలోలు. ఎదిగే భుజం మీద మోయగలిగినంత బరువే పెట్టాలన్న ఆలోచన అది. మంచి ఆలోచనే. కానీ ఆ మంచి అంతా ఒక కాగితం మీద నిలబడి ఉంది. పిల్ల ఏ సంవత్సరంలో పుట్టిందో చెప్పే కాగితం.

ఆ కాగితం ఎంత పని చేస్తుందో చూడండి. అస్సాంలో వరి పండించే కుటుంబంలో పుట్టిన హిమ దాస్ 2017లో కెన్యా రాజధాని నైరోబీలో జరిగిన అండర్-18 ప్రపంచ పోటీల్లో 200 మీటర్ల ఫైనల్‌కి చేరి ఐదో స్థానంలో వచ్చింది. ఆ పోటీలకి 2000లో గాని 2001లో గాని పుట్టి ఉండాలి. హిమ పుట్టింది 2000 జనవరి 9. తొమ్మిది రోజులు ముందు పుట్టి ఉంటే ఆ విమానం ఎక్కేది కాదు. అండర్-18 ప్రపంచ పోటీలు కూడా అవే ఆఖరివి, ఆ తరువాత వాటిని ఆపేశారు. మరుసటి ఏడాది జులైలో ఫిన్లాండ్‌లోని టాంపెరెలో అండర్-20 ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 51.46 సెకన్లలో పరిగెత్తి బంగారు పతకం తెచ్చింది. ప్రపంచ స్థాయి పోటీల్లో పరుగుపందెంలో భారతదేశానికి అదే మొదటి స్వర్ణం.

నీరజ్ చోప్రాది దానికి తలకిందులు. 1997 డిసెంబర్ 24న పుట్టాడు. ఏడాది చివర పుట్టిన పిల్లలు ఈ పోటీల్లో నష్టపోతారని క్రీడల మీద పరిశోధన చేసేవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే వరుసలో నిలబడతారు, కానీ ఒకడికి దాదాపు ఏడాది ఎదుగుదల ఎక్కువ. అయినా నీరజ్ 2016 జులై 23న బిడ్‌గోష్ఛ్‌లోనే జరిగిన అండర్-20 పోటీల్లో 86.48 మీటర్లు విసిరి జూనియర్ ప్రపంచ రికార్డు పెట్టాడు. రియో ఒలింపిక్స్‌కి కావలసిన 83 మీటర్లను సులువుగా దాటాడు. కానీ రియోకి అర్హత సాధించే గడువు జులై 11నే ముగిసింది. పన్నెండు రోజుల తేడాతో ఒలింపిక్స్‌ని ఇంట్లో కూర్చుని చూడాల్సి వచ్చింది. ఆటల్లో తేదీకి ఉన్న బలం అది. ఎంత దూరం విసిరావన్నది ఆ తరువాతి మాట.

2021 నైరోబీ పోటీలు మనకి దగ్గరి విషయం. అవి అసలు 2020లో జరగాల్సినవి. కరోనా వల్ల ఏడాది వెనక్కి జరిపారు. పోటీ జరిగింది గాని వయసు గీత మాత్రం ఏడాదితో పాటు ముందుకు జరిగింది. 2020లో జరిగి ఉంటే 2001లో పుట్టినవాళ్ళకి అవకాశం ఉండేది. 2021కి వచ్చేసరికి 2002 నుంచి పుట్టినవాళ్ళే అర్హులయ్యారు. ప్రపంచమంతటా 2001లో పుట్టిన పిల్లల చేతిలోంచి ఆ అవకాశం తమ తప్పు లేకుండానే జారిపోయింది. ఆగస్టు 22న, ఆఖరి రోజు, ఆడపిల్లల 4×400 మీటర్ల రిలేలో మన జట్టు 3 నిమిషాల 40.45 సెకన్లలో ముగించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ నలుగురిలో ఒకరు కుంజా రజిత. మన పిల్ల. శబరి గోదావరిలో కలిసే కూనవరం మండలం నుంచి వెళ్ళిన ఆదివాసీ బిడ్డ. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని కూడా అక్కడే హర్డిల్స్ పరిగెత్తింది. అదే పోటీల్లో శైలి సింగ్ లాంగ్ జంప్‌లో 6.59 మీటర్లు దూకి ఒక్క సెంటీమీటరు తేడాతో బంగారం పోగొట్టుకుని రజతం తెచ్చింది. పతకం వచ్చినవాళ్ళ గురించి అన్నిచోట్లా రాశారు. నాలుగో స్థానం గురించి మా హాస్టల్ నోటీసు బోర్డు మీద నేను చాక్‌పీసుతో రాసి పెట్టాను. పిల్లలు నెలరోజులు చెరపనివ్వలేదు.

వయసు గీత ఉన్నచోట దాన్ని దాటాలనుకునేవాళ్ళూ ఉంటారు. వయసు తగ్గించి రాయించుకుని చిన్నవాళ్ళతో పోటీపడి గెలిచే మోసం మన దేశంలో చాలా పాతది. దాన్ని అరికట్టడానికి 2010లో కేంద్ర క్రీడా శాఖ వయసు మోసాల మీద ఒక నియమావళి తెచ్చింది. అనుమానం వస్తే ఎడమచేతి మణికట్టుకి ఎక్స్‌రే తీస్తారు. ఎముకలు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి వయసు కడతారు. ఆ పద్ధతికి టానర్, వైట్‌హౌస్ అనే ఇద్దరి పేరుంది. జేమ్స్ టానర్ పిల్లల ఎదుగుదల మీద జీవితమంతా పనిచేసిన ఇంగ్లండు వైద్యుడు. లండన్ దగ్గర హార్పెండెన్ అనే ఊళ్ళో తల్లిదండ్రుల ఆలనలేని పిల్లల వసతిగృహంలో ఏళ్ళ తరబడి ఆ పిల్లల ఎత్తు, బరువు కొలిచారు. ఈ విషయం చదివినప్పుడు నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. అక్కడా ఒక వార్డెన్ ఉండి ఉంటుంది కదా, పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి.

ఈ ఎక్స్‌రేకి రెండు చిక్కులున్నాయి. కడుపునిండా తినని పిల్లల ఎముకలు ఆలస్యంగా ఎదుగుతాయి. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉన్నా అంతే. అప్పుడు ఎముక చెప్పే వయసు అసలు వయసు కంటే తక్కువ వస్తుంది. రెండోది, అమ్మాయిల్లో దాదాపు పదిహేనేళ్ళకే ఆ ఎముకలు పూర్తిగా ఎదిగిపోతాయని ఆ పద్ధతి లెక్క. ఆ తరువాత ఎముక ఇక ఏమీ చెప్పదు. పదహారేళ్ళ పిల్లదీ పంతొమ్మిదేళ్ళ పిల్లదీ ఒకేలా కనిపిస్తుంది. మళ్ళీ కాగితమే దిక్కు.

ఇక నేను చెప్పాల్సిన అసలు విషయం.

2013 జూన్‌లో నేను ఆశ్రమ పాఠశాలలో టీచర్‌ని, వార్డెన్ బాధ్యత కూడా నాదే. ఒక అవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళ గూడెంలో బడి మూతపడి ఉంది. మా బడి మూడో తరగతి నుంచి మొదలు. పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగాను. "2006 ఆగస్టు వరదకి బడి భవనంలో తలదాచుకున్నాం కదమ్మా, అక్కడే పుట్టింది" అంది. లెక్క వేస్తే పిల్లకి ఏడేళ్ళు కూడా నిండలేదు. మూడో తరగతికి ఎనిమిది ఉండాలి. చేర్చుకోకపోతే ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేరు, రెండు పూటలా తిండి లేదు. అడ్మిషన్ రిజిస్టర్‌లో 01-06-2005 అని రాశాను. రాసేటప్పుడు చెయ్యి వణకలేదు. మంచిపనే చేస్తున్నాననుకున్నాను. ఆ రిజిస్టర్ చూసే ఆధార్‌లో ఎక్కించారు, పదో తరగతి మెమోలో కూడా అదే వచ్చింది.

ఆ పిల్ల పరుగులో దిట్ట. 800 మీటర్లు. ఇంటర్ రెండో ఏడాదికి మళ్ళీ నా హాస్టల్‌కే వచ్చింది. 2023 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో ఆసియా అండర్-18 పోటీలు ఉన్నాయి. అంత దూరం మేం కలగనలేదు. దానికి తొలి మెట్టయిన కింది స్థాయి ఎంపికల్లో పరిగెడితే చాలనుకున్నాం. 2006లో గాని ఆ తరువాత గాని పుట్టి ఉండాలి. బల్ల దగ్గర కూర్చున్నాయన మెమో చూసి, ఏడు నెలలు ఎక్కువైందని పక్కన పెట్టేశారు. నేను ముందుకెళ్ళి, సార్, ఈ తేదీ రాసింది నేనే, పిల్ల నిజంగా 2006లోనే పుట్టిందని చెప్పాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "అందరూ తగ్గించి రాయించుకుంటారమ్మా. మీరేంటి పెంచి రాశానంటున్నారు?"

ఆయన తప్పు లేదు. ఆయన చేతిలో ఉన్నది నా చేతిరాతే. ఆ రోజే అండర్-20 విభాగంలో పరిగెత్తించాం. తనకంటే రెండు మూడేళ్ళు పెద్ద అమ్మాయిల మధ్య ఐదో స్థానంలో వచ్చింది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు నా పక్కన కూర్చుని, "మరి నేను నిజంగా ఏ రోజు పుట్టాను మేడం?" అని అడిగింది. వాళ్ళ అవ్వ అప్పటికే పోయింది. నెల తెలుసు, రోజు నాకూ తెలియదు.

సరిచేయించాలని చాలా తిరిగాను. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించాలంటే రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు కోసం రుజువు కావాలి. రుజువేమిటంటే బడి రిజిస్టర్ అన్నారు. తిరిగి తిరిగి నేను రాసిన గీత దగ్గరికే వచ్చాను. వయసు తగ్గించినవాళ్ళని పట్టుకోవడానికి ఎక్స్‌రేలు ఉన్నాయి, నియమావళి ఉంది. అన్నం పెట్టడం కోసం వయసు పెంచినవాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. మన గూడేల్లో నాలాంటి టీచర్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఈ సంచిక చదివేవాళ్ళలోనూ ఉన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, పొద్దున్నే పరిగెడుతోంది కూడా. కొత్త పిల్లలు చేరినప్పుడు నేను తేదీ గడిని ముందు పెన్సిల్‌తోనే నింపుతున్నాను. ఏ వరదకి, ఏ పండుగకి పుట్టారో ఇంటివాళ్ళని అడిగి వేరే నోటుపుస్తకంలో వాళ్ళ మాటల్లోనే రాసుకుంటున్నాను. భూమి పండుగకి ముందా, కొత్తల పండుగ తరువాతా అని అడిగితే చాలామంది తడుముకోకుండా చెబుతారు. ఈ జూన్‌లో చేరినవాళ్ళలో ఇద్దరి గడులు ఇంకా పెన్సిల్‌తోనే ఉన్నాయి. వాళ్ళ గూడెం ఆశా కార్యకర్త పాత పుస్తకం వెతికి తెస్తానంది. సంతరోజు వస్తానంది.