నిప్పు ఒకటే, మాటలు రెండు

హైవే మీద వెళ్లే పెట్రోలు ట్యాంకరు వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. శానిటైజర్ సీసా మీద తరచూ కనిపించేది ‘ఫ్లేమబుల్’. ఇన్‌కంప్లీట్ అంటే పూర్తికానిది, ఇన్‌విజిబుల్ అంటే కంటికి కనపడనిది. ఆ లెక్కన ట్యాంకరులో ఉన్నది అంటుకోని సరుకే కావాలి!

కాదు. రెండు మాటలకూ అర్థం ఒకటే: ఇట్టే అంటుకుంటుంది, నిప్పు దగ్గరికి తేవద్దు.

తిరకాసంతా లాటిన్‌ది. ఆ భాషలో ‘ఇన్’ అనే ఉపసర్గలు రెండున్నాయి. ఒకటి ‘కాదు, లేదు’ అంటుంది. రెండోది ‘లోపలికి’ అనే అర్థమిస్తూ క్రియకు జోరు పెంచుతుంది. రాజేయడం అనే అర్థమున్న ‘ఇన్‌ఫ్లమ్మారే’లో చేరింది ఈ రెండోదే. తెలుగువాళ్లు దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు. విఫలంలోని ‘వి’ ఫలం లేకుండా చేస్తుంది, విజయంలోని ‘వి’ జయానికి బలమిస్తుంది. అయినా విజయం అంటే ఓటమి అని ఎవరూ పొరబడరు.

వయసులో ఇన్‌ఫ్లేమబుల్ పెద్దది. 17వ శతాబ్దంలోనే వాడుకలో ఉంది. 1766లో శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్ తాను వేరుచేసి పరిశీలించిన వాయువును ‘ఇన్‌ఫ్లేమబుల్ ఎయిర్’ అనే పిలిచాడు. దానికి హైడ్రోజన్ అన్న పేరు తర్వాత వచ్చింది. ఫ్లేమబుల్ మాత్రం 1813లో ఒక లాటిన్ గ్రంథం అనువాదంలో తొంగిచూసి, ఆపైన వందేళ్ల దాకా పెద్దగా అలికిడి చేయలేదు.

దాన్ని వెలికి తీసింది భాషా పండితులు కాదు, అగ్నిప్రమాదాలతో పనిపడ్డవాళ్లు. ‘ఇన్’ చూసి జనం మోసపోతారని భయపడి, 1920ల్లో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఫ్లేమబుల్ వాడమని పట్టుబట్టింది. 1959లో బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ కూడా అదే దారి పట్టింది. ఛాందసులకిది రుచించలేదు. ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ అనే ఇంగ్లీషు రచనా మార్గదర్శి అయితే ఫ్లేమబుల్‌ను లారీల మీద రాసుకోనిచ్చి, మిగతావాళ్లను పాత మాటే వాడమంది. ప్రాణాలు పోయే చోట వ్యుత్పత్తి గొప్ప ఎందుకో!

మన చట్టం పాత మాటనే నమ్ముకుంది: 1952లో వచ్చింది ‘ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్’. ముక్కుమీద కోపం ఉన్నవాళ్ల గురించి చెప్పేటప్పుడూ ఇంగ్లీషువాళ్లు వాడేది ఈ పాత మాటే. ఫ్లేమబుల్ వస్తువులకే పరిమితం.

మరి నిజంగానే అంటుకోని వస్తువు? ఇంగ్లీషులో ‘నాన్‌ఫ్లేమబుల్’. ఫ్రెంచివాళ్లు మాత్రం తమ ‘ఇన్’ మాట ముందు కాదనే ‘ఇన్’ ఇంకొకటి తగిలించి పని కానిచ్చేశారు.