కమాను పట్టీ

అబిడ్స్‌లో చీర మార్చుకొద్దామని బయల్దేరితే, మా మరిది నన్ను నాంపల్లిలో ఒక మెకానిక్ షెడ్డు ముందు దింపాడు. "అయిదు నిమిషాలే వదినా!" అన్నాడు. అప్పు చేసి కొన్న పికప్ వ్యాను అది. వెనక కమాన్లకు ఇంకో రెండు పట్టీలు వేయిస్తే రెండు ట్రిప్పుల సరుకు ఒక్క ట్రిప్పులో తెచ్చేయొచ్చని అతని లెక్క.

కమాను అంటే ఉర్దూలో విల్లు. ఉక్కు పట్టీలను విల్లులా వంచి, ఒకదానికింద ఒకటి పేర్చి బిగించిన కట్ట అన్నమాట. పూర్వం దొరల కోచిబండ్లను తోలు పట్టాలతో ఉయ్యాలలా వేలాడదీసేవారట. 1804లో ఒబడయా ఇలియట్ అనే ఇంగ్లీషు బండ్ల తయారీదారు ఉక్కు కమాన్లకు పేటెంటు పుచ్చుకున్నాడు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో హైదరాబాదు రాజ్యంలో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడూ జనం బరువు మోసింది ఈ విల్లులే!

మెకానిక్ నావైపు తిరిగి, "ఏస్తనమ్మా. గానీ ఖాళీ బండి గుర్రం లెక్క ఎగురుతది. బరువును కమాను ఆపుతది, మరి బండిని ఆపేది బ్రేకే గద? బ్రేకులు, టైర్లు, ఇరుసు పాతవే ఉండె" అన్నాడు.

మరిది మొహం చిన్నబోయింది. నెల వాయిదా గుర్తొచ్చింది కాబోలు.

"రెండు ట్రిప్పులే తిరుగు నాయనా, మనిషి క్షేమంగా ఇల్లు చేరితే చాలు" అన్నాను. ఆఖరికి సరేనన్నాడు.

దారిలో అనిపించింది, మన సంగతీ అంతేగా! వంగుతున్నాం కదా అని ఇంట్లో ఒక్కో పనీ మీద వేస్తూ పోతారు. మన బ్రేకుల సంగతి ఎవరడుగుతారు చెప్పండి?

చీర మాత్రం ఆ రోజు మార్చనేలేదు.